అణువు ఎక్కడ కూర్చుందో కంపనం చెబుతుంది

(జాతీయ సైన్స్ దినోత్సవం నాడు ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఇవాళ ఫిబ్రవరి 28 కదా, రామన్ గారితో మొదలుపెడతానని అనుకుని ఉంటారు. ఆయన దగ్గరికి వస్తాను, కాకపోతే కాసేపు ఆగి. ముందు కార్బన్ మోనాక్సైడ్ సంగతి చూద్దాం. అణువుల కంపనాలని చదివి వాటి సంగతులు తెలుసుకునే ఈ రంగంలో పనిచేసేవాళ్ళందరికీ అది బాగా అలవాటైన అణువు. రెండే పరమాణువులు, ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, మధ్యలో గట్టి బంధం, అది చెయ్యగలిగిన కంపనం కూడా ఒక్కటే: ఆ రెండూ దగ్గరికి రావడం, దూరం జరగడం. గ్యాస్‌గా ఉన్నప్పుడు దాని మీదికి ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపితే 2143 వేవ్‌నంబర్ల దగ్గర (వేవ్‌నంబరంటే ఒక సెంటీమీటరులో పట్టే అలల సంఖ్య) పీల్చుకుంటుంది. అంటే సెకనుకు సుమారు 64 లక్షల కోట్ల సార్లు ఊగుతోందన్నమాట. ఆ పెద్ద అంకె గుర్తుపెట్టుకోనక్కర్లేదు, 2143 మాత్రం గుర్తుంచుకోండి, దానితో చాలా పని ఉంది.

ఇప్పుడు అదే అణువుని తీసుకెళ్ళి శుభ్రంగా ఉన్న ప్లాటినం ముక్క మీద కూర్చోబెట్టండి. 2143 మాయమైపోతుంది. 2100కి కాస్త అటూ ఇటూగా ఒక పీక్ (కాంతిని పీల్చుకున్న చోట గ్రాఫ్‌లో లేచే శిఖరం), అణువులు ఎక్కువ చేరాక 1850 దగ్గర ఇంకో పీక్ వస్తాయి. అణువు అదే, మనమే పెట్టాం, దానికి కొత్తగా ఏ పరమాణువూ తగిలించలేదు. మరి అంకె ఎందుకు దిగింది? ఒకటి కాస్తా రెండు ఎందుకయ్యాయి?

నన్నడిగితే ఈ సబ్జెక్టంతా ఈ ప్రశ్నలోనే ఉంది. కాలేజీలో మనకి నేర్పేది పీక్ చూసి అణువుని గుర్తుపట్టడం. 1700 దగ్గర ఉందా, కార్బొనిల్, అంటే కార్బన్, ఆక్సిజన్ జంట బంధం అని రాసెయ్, మార్కులు పడతాయి. అది అవసరమే, కాదనను. కానీ ఉపరితలాల మీద, స్ఫటికాల లోపల పనిచేసేవాడికి అక్కడున్నది ఏ అణువో చాలాసార్లు ముందే తెలుసు, తెలియనిదల్లా అది ఎక్కడ కూర్చుంది, నిలబడిందా పడుకుందా, పక్కవాళ్ళతో దాని సంబంధం ఎలా ఉంది అనేదే. పీక్ ఎంత జరిగిందో, ఎన్ని ముక్కలైందో, రావలసిన చోట రాకుండా ఎందుకు పోయిందో చూస్తే ఇవన్నీ బయటపడతాయి.

కంపన వేగాన్ని నిర్ణయించేవి రెండే: బంధం ఎంత గట్టిది, రెండు కొసల్లో ఉన్న పరమాణువులు ఎంత బరువైనవి. బరువు మారిస్తే ఏమవుతుందో లెక్క వేసి చెప్పెయ్యొచ్చు. మామూలు కార్బన్ 12 బదులు కార్బన్ 13 పెడితే 2143 కాస్తా 2096కి దిగుతుంది. బంధం గట్టిదనం అలాగే ఉంది, బరువొక్కటే పెరిగింది. ఈ చిట్కా తర్వాత మళ్ళీ అక్కరకొస్తుంది. ప్లాటినం మీద మాత్రం బరువు మారలేదు కాబట్టి బంధమే మెత్తబడి ఉండాలి.

1954లో ఐషెన్స్, ఆయన తోటివాళ్ళు, అమెరికాలో టెక్సాకో కంపెనీ లాబ్‌లో, అవునండీ, పెట్రోల్ కంపెనీయే, సిలికా పొడి మీద ప్లాటినం, పలాడియం లాంటి లోహాల చిన్న చిన్న రేణువులు పరిచి వాటి మీద కార్బన్ మోనాక్సైడ్ వదిలి ఇన్‌ఫ్రారెడ్ తీశారు. రెండు రకాల పీకులు కనిపించాయి, 2000కి పైన కొన్ని, కింద కొన్ని. లోహానికి కార్బన్ మోనాక్సైడ్ అతికిన నికెల్ కార్బొనిల్, ఐరన్ కార్బొనిల్ లాంటి సమ్మేళనాల నిర్మాణం అప్పటికే తెలుసు. వాటిల్లో కార్బన్ మోనాక్సైడ్ ఒకే లోహ పరమాణువుని పట్టుకుంటే 2000కి పైన, రెండింటి మధ్య వంతెనలా కూర్చుంటే ఇంకా కింద వస్తుంది. ఉపరితలం మీద కూడా అంతే అయి ఉంటుందని ఐషెన్స్ అన్నారు. పదేళ్ళ తర్వాత, 1964లో, బ్లైహోల్డర్ అనే ఆయన దీనికి ఎలక్ట్రాన్ల భాషలో కారణం చెప్పారు. అణువు తన కార్బన్ వైపు నుంచి కొన్ని ఎలక్ట్రాన్లు లోహానికి ఇస్తుంది, లోహం తిరిగి కొన్నింటిని అణువులో ఖాళీగా ఉన్న ఆర్బిటాల్‌లోకి, అంటే ఎలక్ట్రాన్లు ఉండే చోటులోకి, పంపుతుంది, ఆ ఖాళీ ఆర్బిటాల్ ఏమో బంధాన్ని బలహీనపరిచే జాతిది. కాబట్టి అణువు లోహానికి ఎంత గట్టిగా అతుక్కుంటే లోపల తన సొంత బంధం అంత సడలుతుంది. ఎక్కువ లోహ పరమాణువులతో చెయ్యి కలిపితే అంకె ఇంకా కిందికి దిగుతుంది.

వినడానికి బాగానే ఉంది, కానీ చూడటం అంత తేలిక కాదు. ఒక చదరపు సెంటీమీటరు ప్లాటినం ఉపరితలం మీద ఉండే పరమాణువులు 15 కోటి కోట్లు. పెద్ద సంఖ్యలా ఉంది కదా? ఆ ముక్క లోపల ఉన్నవాటితో పోలిస్తే ఇవి లెక్కలోకే రావు. పెళ్ళి పందిట్లో బ్యాండు మేళం హోరెత్తిస్తుంటే మూల కుర్చీలో కూర్చున్న తాతగారు ఏం గొణుగుతున్నారో ఇవతలి గుమ్మం దగ్గర నిలబడి వినాలన్నమాట. ఐషెన్స్ ఏం చేశాడంటే, పొడి వాడాడు, గ్రాము పొడిలో వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది కాబట్టి తాతగార్లే లక్షల మంది అయిపోయారు. కానీ పొడిలో ప్రతి రేణువూ ఒక్కో తీరుగా ఉంటుంది, ఏ అణువు ఏ ముఖం మీద ఉందో తేలదు. ఒకే స్ఫటికాన్ని ఒకే తలంలో కోసి, అద్దంలా నునుపు చేసి, దాని మీద చూస్తే తప్ప మనసు ఊరుకోదు.

అక్కడ లోహమే ఒక సాయం చేస్తుంది, ఒక అడ్డం కూడా పెడుతుంది. అణువు కంపించినప్పుడు దానిలోని ఆవేశాలు అటూ ఇటూ జరుగుతాయి. పక్కనే లోహం ఉంటే లోపల ఎలక్ట్రాన్లు కూడా కదిలి, అద్దంలో ప్రతిబింబంలా, ఎదురు ఆవేశాలు తయారవుతాయి. అణువు నిటారుగా నిలబడి కంపిస్తే ప్రతిబింబం దానికి తోడవుతుంది, సిగ్నల్ పెరుగుతుంది. పడుకుని కంపిస్తే ప్రతిబింబం ఎదురు తిరిగి సిగ్నల్‌ని చంపేస్తుంది. కాబట్టి ప్లాటినం మీద 2100 పీక్ అంత బలంగా కనిపిస్తోందంటేనే అణువు నిలబడి ఉందని అర్థం. బెంజీన్ లాంటిది చదునుగా పడుకుంటే దాని తలంలో జరిగే కంపనాలు మూగబోయి, తలానికి పైకీ కిందికీ ఊగేవే మిగులుతాయి. పీక్ రాకపోవడం కూడా సమాచారమే, అది నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైన సంగతి. 1966లో గ్రీన్‌లర్ లెక్కలు కట్టి, కాంతిని దాదాపు ఉపరితలాన్ని రాసుకుంటూ పోయేట్టు ఏటవాలుగా పంపితే సిగ్నల్ బాగా పెరుగుతుందని చూపించారు. ఇవాళ్టికీ అలాగే చేస్తున్నాం.

ఇంకో దారి కాంతి బదులు ఎలక్ట్రాన్లు వాడటం. 5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఎలక్ట్రాన్లని ఉపరితలం మీదికి పంపండి, తిరిగొచ్చినవాటిలో కొన్ని పావు ఎలక్ట్రాన్ వోల్టు పోగొట్టుకుని వస్తాయి. ఆ పావు ఎక్కడికి పోయింది? కార్బన్ మోనాక్సైడ్‌ని ఊపడానికి ఖర్చైంది. 1967లో ప్రాప్స్ట్, పైపర్ మొదట చేశారు, తర్వాత జర్మనీలో యూలిష్‌లో ఐబాక్ దీన్ని ఎక్కడికో తీసుకెళ్ళారు. పీకులు ఇన్‌ఫ్రారెడ్‌లో అంత సన్నగా రావు, కానీ 470 దగ్గర అణువు మొత్తంగా ప్లాటినం మీద పైకీ కిందికీ ఊగే నెమ్మది కంపనం ఉంది చూడండి, ఇన్‌ఫ్రారెడ్‌కి దొరకడం కష్టమైన ఆ పీక్ ఇందులో చక్కగా కనిపిస్తుంది.

ఈ ప్రయోగం ఎలా ఉంటుందో చూడనివాళ్ళకి చెబుతాను. స్టీలు గది, దానికి బోలెడన్ని కిటికీలూ గొట్టాలూ, ప్రతి కీలుకీ రాగి వాషరు, చుట్టూ మన వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు. రేకు ఎందుకంటే గదిని వేడి చెయ్యాలి, 150 డిగ్రీల దాకా, రాత్రంతా, అవసరమైతే ఇంకా ఎక్కువ, స్టీలు గోడలకి పట్టుకున్న నీటి తేమ వదిలేదాకా. అప్పుడు గానీ లోపలి పీడనం వాతావరణ పీడనంలో పది లక్షల కోట్లో వంతుకి దిగదు. అంత అవసరమా అంటే, అవసరమే. వాతావరణంలో వంద కోట్లో వంతు పీడనం దగ్గర కూడా శుభ్రమైన ఉపరితలం ఒకటి రెండు సెకన్లలో మిగిలిన గ్యాస్‌తో నిండిపోతుంది. మీరు కార్బన్ మోనాక్సైడ్ కొలుస్తున్నామనుకుంటారు, అక్కడ కూర్చున్నది ఇంకేదో అవుతుంది. శుభ్రం చెయ్యడం, చల్లార్చడం, గ్యాస్ వదలడం, కొలవడం, మళ్ళీ శుభ్రం చెయ్యడం. పీహెచ్‌డీ విద్యార్థి జీవితంలో చాలా భాగం ఈ చక్రమే.

ఇప్పుడు మంచి భాగానికి వచ్చాం. ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ కొద్దికొద్దిగా వేస్తూ పోతే పీక్ ఒకేచోట ఉండదు. షిగెయిషి, కింగ్ 1976లో కొలిచినప్పుడు అణువులు పల్చగా ఉన్నప్పుడు 2065, నిండుగా ఉన్నప్పుడు 2101. ఎందుకు పెరుగుతోంది? ఒక వివరణ: అణువులు ఎక్కువైతే లోహం దగ్గర ఇవ్వడానికి ఎలక్ట్రాన్లు తలా కొన్నే వస్తాయి, కాబట్టి ఒక్కొక్కదాని బంధం అంతగా సడలదు. సబబుగానే ఉంది. రెండో వివరణ: బంధాలకి ఏమీ కాలేదు, పక్కపక్కన ఒకే వేగంతో ఊగే అణువులు వాటి విద్యుత్ క్షేత్రాల ద్వారా ఒకదాన్నొకటి పట్టుకుని కలిసి ఊగుతున్నాయి, ఆ కలిసి ఊగడం వల్లే అంకె పెరిగింది. రెండూ ఒకే ఫలితాన్ని ఇస్తాయి. తేల్చడం ఎలా?

ఇందాకటి కార్బన్ 13 ఇక్కడ పనికొస్తుంది. ఉపరితలాన్ని నిండుగానే ఉంచండి, కానీ అందులో కొన్ని మాత్రమే కార్బన్ 12, మిగతావన్నీ కార్బన్ 13. రసాయన రీత్యా రెండిటికీ తేడా లేదు, లోహం ఇద్దరికీ ఒకేలా ఎలక్ట్రాన్లు పంచుతుంది. ఊగే వేగం మాత్రం వేరు కాబట్టి 12 జాతివాడు తన చుట్టూ ఉన్న 13 జాతివాళ్ళతో కలిసి ఊగలేడు. మొదటి వివరణ నిజమైతే పీక్ 2101 దగ్గరే ఉండాలి, రెండోది నిజమైతే 2065 వైపు జారాలి. చేసి చూస్తే జారింది. దాదాపు మొత్తం మార్పు కలిసి ఊగడం వల్లే. ఇంత శుభ్రమైన ప్రయోగం సైన్సులో తరచుగా దొరకదు.

ఇక ఇనుము మీద నైట్రోజన్. మన రైతు వేసే యూరియా బస్తా వెనక ఉన్నది అమ్మోనియా, అమ్మోనియా వెనక ఉన్నది నైట్రోజన్ అణువుని ఇనుము మీద రెండు ముక్కలు చెయ్యడం. రామగుండం ఫ్యాక్టరీలో జరిగేదీ అదే. ఆ అణువులో ఉన్నది మూడింతల బంధం, అంత తేలిగ్గా తెగదు. గ్యాస్‌లో దాని కంపనం 2330 దగ్గర, అదీ రామన్ పద్ధతిలోనే (పంపిన కాంతి చెదిరి వచ్చేటప్పుడు దాని రంగు ఎంత మారిందో చూసే పద్ధతి) కనిపిస్తుంది, రెండు కొసలూ ఒకేలా ఉండటం వల్ల ఇన్‌ఫ్రారెడ్ దాన్ని పట్టుకోలేదు. ఇనుప స్ఫటికంలో ఒక గరుకు ముఖాన్ని బాగా చల్లార్చి నైట్రోజన్ వదిలి ఎలక్ట్రాన్లతో చూస్తే, 1984లో ఎర్టల్ తదితరులు ప్రచురించిన పనిలో, రెండు రకాలు దొరికాయి. ఒకటి 2100 దగ్గర, అంటే నిలబడి ఉన్నది, ఇనుముతో పొడిపొడిగా పరిచయం. రెండోది 1490 దగ్గర! 2330 నుంచి 1490కి. మూడింతల బంధం రెండింతల బంధం స్థాయికి పడిపోయింది. ఇది పక్కకి ఒరిగి రెండు నైట్రోజన్లతోనూ ఇనుముని పట్టుకున్న అణువు. ఇలా ఒరిగిందే వేడి తగిలితే తెగుతుంది, నిలబడింది ఎగిరిపోతుంది. ఫ్యాక్టరీలో ఇనుముకి కాస్త పొటాషియం కలపడం వెనక కారణం కూడా ఈ దారిలోనే అర్థమవుతుంది: పొటాషియం తన ఎలక్ట్రాన్లు ఇనుముకిస్తే, ఇనుము నైట్రోజన్‌కి ఇంకా ధారాళంగా ఇస్తుంది. ఉపరితలాల మీద జరిగే రసాయన చర్యల పనికే ఎర్టల్‌కి 2007లో నోబెల్ వచ్చింది.

సరే, ఉపరితలం వదిలి స్ఫటికం లోపలికి వెళ్దాం, రామన్ గారి దగ్గరికి కూడా. ఆయన చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్నారని మీకు తెలిసే ఉంటుంది. దానికన్నా మనం గర్వపడాల్సింది ఆయన శిష్యుడు సూరి భగవంతం గారి గురించి. కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసి, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పారు. వాల్తేరులో ఆయన, గణితం మనిషి టి. వెంకటరాయుడు కలిసి 1939లో రాసిన పేపరు ఒకటుంది. ఒక స్ఫటికంలో మళ్ళీ మళ్ళీ వచ్చే అతి చిన్న గడిలో ఏ పరమాణువులు ఎక్కడున్నాయో, ఆ గడి సౌష్ఠవం ఏమిటో చెబితే చాలు, ఆ స్ఫటికం రామన్‌లో ఎన్ని గీతలు ఇవ్వాలో, ఇన్‌ఫ్రారెడ్‌లో ఎన్ని ఇవ్వాలో కాగితం మీదే తేల్చెయ్యొచ్చు. గ్రూప్ థియరీతో, అంటే సౌష్ఠవాన్ని లెక్కగట్టే గణితంతో. ప్రయోగమే అక్కర్లేదు. ఇవాళ ఏ దేశంలో ఏ విద్యార్థి స్ఫటిక వర్ణపటం విశ్లేషించినా మొదటి అడుగు అదే, పేరు మాత్రం చాలామందికి తెలియదు.

ఎలా పనిచేస్తుందో ముత్యంతో చూపిస్తాను. సున్నపురాయిలో ఉండే కాల్సైట్, ముత్యంలో ఉండే అరగొనైట్, రెండూ కాల్షియం కార్బొనేటే, ఫార్ములా రాస్తే తేడా లేదు. రెండిటిలోనూ కార్బొనేట్ పెద్ద పీక్ రామన్‌లో 1085 ఆ ప్రాంతంలోనే వస్తుంది, దాన్ని చూసి విడదీయలేం. కానీ కార్బొనేట్ తన తలంలోనే వంగే కంపనం ఇంకోటుంది. అది నిజానికి జంట, ఒకే శక్తి ఉన్న రెండు కంపనాలు. కాల్సైట్‌లో కార్బొనేట్ కూర్చున్న చోటు మూడు వైపులా సమానంగా ఉంటుంది, జంట విడిపోదు, 712 దగ్గర ఒకటే గీత. అరగొనైట్‌లో ఆ సమానత్వం లేదు, జంట విడిపోయి 701, 705 దగ్గర రెండు సన్నని గీతలొస్తాయి. చార్మినార్ దగ్గర కొన్న దండలో ఒక పూసని రామన్ మైక్రోస్కోప్ కింద పెట్టి, దానికి గీత కూడా పడకుండా, అది అరగొనైటా, గాజా, ప్లాస్టిక్కా అన్నది నిమిషాల్లో చెప్పెయ్యొచ్చు. సముద్రంలో తనంతట తాను పుట్టిన ముత్యమా, పెంచిన ముత్యమా అంటే మాత్రం ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది, పైపొర రెండిటిదీ అరగొనైటే కాబట్టి. దానికి ఎక్స్‌రే తియ్యాలి.

వజ్రం కూడా చెప్పాలి, గోల్కొండ పేరు చెప్పుకుని బతుకుతున్నవాళ్ళం కదా. స్వచ్ఛమైన వజ్రంలో గడికి రెండు కార్బన్లు, రెండూ అచ్చం ఒకటే, ఒకదానికెదురుగా ఒకటి ఊగినా ఆవేశం అటూ ఇటూ జరగదు. భగవంతం, వెంకటరాయుడు గార్ల లెక్క ప్రకారం రామన్‌లో ఒక్కటే గీత రావాలి, ఇన్‌ఫ్రారెడ్‌లో ఆ ప్రాంతంలో ఏమీ ఉండకూడదు. రామన్‌లో 1332 దగ్గర ఒక్కటే, కత్తిలా వస్తుంది. కానీ ఎక్కువ వజ్రాలు ఇన్‌ఫ్రారెడ్‌లో 1000 నుంచి 1400 మధ్య బాగా పీల్చుకుంటాయి. 1934లోనే వజ్రాలని ఈ తేడా బట్టి రెండు రకాలుగా విడదీశారు, కారణం మాత్రం పాతికేళ్ళు దొరకలేదు. 1959లో కైజర్, బాండ్ అది నైట్రోజన్ మలినమని తేల్చారు. కార్బన్ల మధ్య నైట్రోజన్ దూరగానే సౌష్ఠవం చెడుతుంది, మూగగా ఉన్న కంపనం మాట్లాడటం మొదలుపెడుతుంది. నైట్రోజన్ దాదాపు లేని రకాన్ని టూ ఏ అంటారు, గోల్కొండ వజ్రాలుగా పేరున్నవి ఎక్కువగా ఆ రకమే.

ఈ వజ్రం దగ్గరే రామన్ గారు పంతానికి పోయారు. స్ఫటికంలో కొన్ని నిర్దిష్టమైన కంపనాలే ఉంటాయని ఆయన, కాదు, లెక్కలేనన్ని కంపనాలు వరసగా పరుచుకుని ఉంటాయని భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్. వజ్రం రెండో శ్రేణి రామన్ వర్ణపటంలో (ఒకేసారి రెండు కంపనాలు పాల్గొనేది) కనిపించిన సన్నని శిఖరాలు తన వాదనకి రుజువని రామన్ అన్నారు. ఎడిన్‌బరోలో బోర్న్ దగ్గర హెలెన్ స్మిత్ లెక్కలు కట్టి ఆ శిఖరాలు బోర్న్ సిద్ధాంతం నుంచే వస్తాయని చూపించారు, తర్వాత న్యూట్రాన్ ప్రయోగాలు కూడా బోర్న్ వైపే నిలిచాయి. రామన్ మాత్రం వెనక్కి తగ్గలేదు. సైన్స్ దినోత్సవం నాడు ఇది ఎందుకు అంటారేమో, పండగ రోజున మంచి మాత్రమే చెప్పాలన్న నియమం నాకు నచ్చదు.

మందుల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో చేరబోయేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి. రిటోనవిర్ అనే హెచ్ఐవీ మందు 1996లో వచ్చింది, 1998లో క్యాప్సూళ్ళలో ఉన్నట్టుండి ఇంకో స్ఫటిక రూపం తయారై, అది సరిగ్గా కరగక, ఆ క్యాప్సూళ్ళని మార్కెట్ నుంచి తీసెయ్యాల్సి వచ్చింది. అణువు అదే, అమరిక వేరు. ఇలాంటి తేడా 200 వేవ్‌నంబర్ల కింద, అణువులు మొత్తంగా ఒకదానిమీద ఒకటి ఊగే ప్రాంతంలో, రామన్‌లో బాగా తెలుస్తుంది. మాత్రని పొడి చెయ్యకుండానే.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. చెప్పమ్మా... ఒక్క అణువుని చూడొచ్చా అంటోంది. చూశారు. 1998లో కార్నెల్‌లో విల్సన్ హో బృందం రాగి మీద ఒకే ఒక్క ఎసిటిలీన్ అణువు పైన స్కానింగ్ టనెలింగ్ మైక్రోస్కోప్ (సన్నని సూది కొనతో ఉపరితలాన్ని తడిమే పరికరం) సూది ఆపి, వోల్టేజీ పెంచుకుంటూ పోయారు. 358 మిల్లీవోల్టుల దగ్గర కరెంటు వాలులో చిన్న మార్పు వచ్చింది, అది కార్బన్, హైడ్రోజన్ బంధం ఊగే శక్తి. హైడ్రోజన్ బదులు డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్, ఉన్న అణువు దగ్గరికి సూది జరిపితే 266కి దిగింది. పక్కపక్కన ఉన్న రెండు అణువుల్లో ఏది ఏదో బరువుని బట్టి చెప్పేశారు.

వెనక వరసలో బాబు అడిగింది మంచి ప్రశ్న: అంకె చూడగానే అణువు ఏ సీట్లో ఉందో చెప్పెయ్యొచ్చా? ఐషెన్స్ పద్ధతిలో చాలాకాలం అలాగే చెప్పారు. నికెల్ స్ఫటికం మీద సగం నిండేట్టు కార్బన్ మోనాక్సైడ్ వేస్తే 1900 పైచిలుకు దగ్గర ఒక పీక్ వస్తుంది. 1979 నుంచీ అది రెండు పరమాణువుల మధ్య వంతెన అనే రాసుకున్నారు, అంకె సరిగ్గా వంతెన ఉండాల్సిన చోటే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. 1990ల్లో ఎక్స్‌రేలతోనూ, ఫోటోఎలక్ట్రాన్ల వివర్తనంతోనూ (కాంతి బయటికి తోసిన ఎలక్ట్రాన్లు చెదిరే తీరు చూసి) నేరుగా స్థానం కొలిస్తే అణువు వంతెన మీద లేదు, మూడు నికెల్ పరమాణువుల మధ్య గుంటలో ఉంది. పదిహేనేళ్ళు అందరూ తప్పు సీటు చెప్పారు. లోహ కార్బొనిల్స్‌లో పనిచేసిన సూత్రం లోహం మీద కూడా అంకెకి అంకె పనిచేస్తుందని అనుకోవడమే అక్కడ జరిగిన పొరపాటు. అందుకే ఇప్పుడు పీక్ జరగడం చూస్తే ముందు ఐసోటోప్, అంటే కార్బన్ 13 లాంటి బరువు తేడా ఉన్న రకం, వేసి చూస్తారు, కంప్యూటర్‌లో ఆ సీటుకి ఎంత రావాలో లెక్క కడతారు, వీలైతే ఎక్స్‌రేతో స్థానం కొలుస్తారు, అప్పుడే పేపర్లో సీటు పేరు రాస్తారు.